‘అట్మాస్ఫియర్’ - ‘వాతావరణము’: ఒక పద్దు దిద్దుబాటు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు వ్యాసము నొసగుమని కార్యవర్గమువారు కోరగా, కొన్ని సంవత్సరముల క్రిందట ఈ గ్రంథాలయ సభయందే నేను చేసిన ఒక పొరపాటును దిద్దుకొనుటకు ఇదియే తగిన తావని తలంచితిని. ఆంగ్లమున ‘అట్మాస్ఫియర్’ అను పదమునందలి ‘అట్మాస్’ మన ‘ఆత్మ’ శబ్దమే యని నేనానాడు చెప్పితిని. సభ్యులు కరతాళధ్వనులు చేసిరి. లెక్కలు వ్రాయు వృత్తివాడను గనుక, పద్దు తప్పని తెలిసిన పిదప దాని నట్లే విడుచుటకు మనసొప్పలేదు.

గ్రీకు భాషలో ‘అట్మాస్’ అనగా ఆవిరి. ‘స్ఫైరా’ అనగా బంతి, గోళము. ఈ రెండును ప్రాచీన శబ్దములే గాని, వీని సమాసము ప్రాచీనము కాదు. హాలండు దేశమున సైమన్ స్టెవిన్ అను గణితజ్ఞుడు భూమిని క్రమ్ముకొనియుండు ఆవిరుల ఎత్తును గూర్చి తన దేశభాషలో వ్రాసెను. ఆ గ్రంథమును లాటినులోనికి మార్చిన విల్లెబ్రార్డ్ స్నెల్, 1608 ప్రాంతమున, ఈ సమాసమును కూర్చెను. 1638లో జాన్ విల్కిన్స్ దీనిని ఆంగ్లమున వాడెను. వింత యేమనగా, ఆయన వాడినది చంద్రుని చుట్టు నున్నదని తలంచిన ఆవిరిపొరను గూర్చి! చంద్రునకు మన భూమికి వలె గాలిపొర లేదని తరువాత తేలినది.

1644లో ఇటలీ దేశీయుడగు టారిచెల్లి తన పాదరసపు గొట్టము ప్రయోగమును లేఖారూపమున వెల్లడించెను. పైనున్న గాలి బరువే పాదరసమును సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలుపుచున్నదని ఆయన భావము. 1648లో ఫ్రాన్సు దేశమున పాస్కల్ కోరిక మేరకు ఆయన బావగారు ఆ గొట్టమును పర్వతముపైకి గొనిపోగా, పాదరసము దిగినది. పైకి పోయినకొలది గాలి బరువు తగ్గునని దీనిచే రుజువైనది. ఇట్లు ఆవిరికి పేరైన శబ్దము తూచదగిన గాలికి పేరయ్యెను. సముద్రమట్టమున చదరపు సెంటీమీటరుపై సుమారొక కిలోగ్రాము బరువు. ఆ కొలతకును ‘అట్మాస్ఫియర్’ అనియే పేరు. 18వ శతాబ్దము ముగియునాటికి ఆ పదము మనుష్యుల నావరించియుండు భావస్థితికిని వర్తించెను.

ఇక నా తప్పు. ‘ఆత్మ’కు నిజమైన చుట్టము జర్మను భాషలో ఊపిరి యను నర్థముగల ‘ఆటెమ్’. గ్రీకు ‘అట్మాస్’ కు పూర్వరూపము ‘అయెట్మాస్’ అనియు, అది గాలి వీచుట యను నర్థముగల మూలమునుండి పుట్టినదనియు పలువురు పండితుల మతము. ఆ మూలమే సంస్కృతమున ‘వా’ ధాతువు. దానినుండియే ‘వాయువు’, అమరకోశమున వాయునామములలో నొకటియైన ‘వాత’ శబ్దము కలిగినవి.

మన ‘వాతావరణము’ విడదీసిన ‘వాత’, ‘ఆవరణము’. ‘ఆవరణము’ అనగా కప్పునది. ఇందు గోళమను మాట లేదు. కాని మొదటి భాగమున, ఆ పండితుల మతమే నిజమైనచో, ‘అట్మాస్’ కు సోదరియైన ‘వాత’ తానే వచ్చి కూర్చున్నది. నేను ఆత్మలో వెదకిన చుట్టరికము ప్రక్కపదమునందే యున్నది. ధ్వని కలిసినంత మాత్రమున వంశము కలియదు. ధ్వని వేరైనను కలియవచ్చును.

ఆనాటి సభకు విచ్చేసి నా మాటను జ్ఞాపకముంచుకొన్న సోదరులు ఆ పద్దును కొట్టివేసి, దీనిని వ్రాసికొందురు గాక! ఇందును దోషమున్నచో, మన బీరువాలలోని నిఘంటువులు చూచి చూపినవారికి కృతజ్ఞుడనై యుందును.