అల్లుడి చేపలు - మామగారి లెక్కలు

అల్లుడు నోరు తెరిచి అడిగితే మామగారు ఏమిచ్చుకోవాలి? మన ఇళ్ళల్లో అయితే గడియారమో, స్కూటరో. ఇటలీలో ఒక మామగారు మాత్రం రెండు సమీకరణాలు ఇచ్చారు. ఆ అల్లుడు అడిగిందీ అలాంటిదే లెండి!

ఆ అల్లుడి పేరు ఉంబెర్తో దాంకోనా. జంతుశాస్త్రం ఆయన వృత్తి. 1925లో ఇంకా కాబోయే అల్లుడే. పెళ్ళికూతురు లూయీసా కూడా జీవశాస్త్రం చదువుకున్నదే. ఆమె తండ్రి వీటో వోల్తెర్రా రోములో గణితాచార్యులు. అరవై అయిదేళ్ళ మనిషి, దేశదేశాల్లో పేరున్నవారు.

దాంకోనా ఆడ్రియాటిక్ తీరంలోని ట్రియెస్ట్, ఫియూమె, వెనిస్ చేపల బజార్ల పాత చిట్టాలు తిరగేశారు. సముద్రంలోకి దిగి చేపల్ని లెక్కబెట్టడం ఎవరి తరం? బజారు కొచ్చిన చేపల్ని బట్టి లోపలి సంగతి ఊహించుకోవలసిందే. ఫియూమె చిట్టాలో ఒక వింత కనిపించింది. 1914లో పట్టిన చేపల్లో సొరలు, టేకుల వంటి వేటచేపలు నూటికి 12. 1918లో నూటికి 36! 1923కి మళ్ళీ 11కి దిగాయి.

మధ్యలో వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం. మనుషులు మనుషుల్ని వేటాడుకునే హడావుడిలో చేపల వేట దాదాపు ఆగిపోయింది. మరి వేట ఆగితే చేపలన్నీ సమంగా పెరగాలి కదా? తినే చేపలకే ఎందుకు కలిసొచ్చింది? ఇదీ మామగారికి వేసిన ప్రశ్న.

వోల్తెర్రా సముద్రాన్నంతా కాగితం మీద రెండే చేపలకు కుదించారు. తినేది ఒకటి, తినబడేది ఒకటి. తినేది లేకపోతే చిన్నచేప వడ్డీకి వడ్డీలాగా పెరిగిపోతుంది. చిన్నచేప లేకపోతే పెద్దది ఆకలితో తరిగిపోతుంది. రెండూ ఎదురుపడితే ఒకదానికి నష్టం, ఒకదానికి లాభం. ఎన్నిసార్లు ఎదురుపడతాయన్నది వాటి సంఖ్యల హెచ్చవేతను బట్టి ఉంటుంది. ఇంతే సరుకు! ఈ లెక్క నడిపిస్తే చిన్నవి పెరుగుతాయి, వాటి వెనకాలే పెద్దవి పెరుగుతాయి. పెద్దవి మరీ పెరిగి చిన్నవాటిని తినేస్తాయి, ఆ తర్వాత తిండి చాలక తామూ తగ్గుతాయి. మళ్ళీ చిన్నవి పుంజుకుంటాయి. ఏతాం పైకీ కిందికీ ఊగినట్టన్నమాట.

ఇప్పుడు ఇందులో వల వెయ్యండి. వల రెండింటినీ పడుతుంది. అయినా వేట మితి మీరనంతవరకూ పెద్దచేప సగటు తగ్గుతుంది, చిన్నచేప సగటు పెరుగుతుంది! చిన్నదానికి వల శత్రువే. కాని తన శత్రువును కూడా పట్టుకుపోయే శత్రువు. వల ఆగిందా, కథ తిరగబడుతుంది. యుద్ధంలో జరిగింది ఇదేనన్నారు మామగారు.

1926లో 'నేచర్' పత్రికలో ఈ సంగతి అచ్చయింది. తీరా చూస్తే అమెరికాలో ఆల్ఫ్రెడ్ లోట్కా అనే ఆయన అవే సమీకరణాలను 1925లోనే పుస్తకంలో వేసి ఉన్నారు. అందుకే ఈనాటికీ ఇద్దరి పేర్లూ కలిపి చెబుతారు.

కాగితం మీద ఊగిన ఏతాం గాజు గొట్టంలో ఊగాలని ఏముంది? మాస్కోలో గౌజ్ అనే యువకుడు ఏకకణ జీవులతో పరీక్షించి 1934లో ఫలితాలు ప్రకటించాడు. తినేది అన్నిటినీ తినేసి, తనూ చచ్చింది! అప్పుడప్పుడూ బయటినుంచి కొత్తవాటిని వదిలితేనే ఊగడం కనిపించింది. దాక్కునే చోటూ, వలస దారీ లెక్కలో కలపాలని అలా తెలిసింది. జీవావరణ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ అలాంటివి చేరుస్తూనే ఉన్నారు.

వోల్తెర్రా మాత్రం 1931లో ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయతా ప్రమాణం చెయ్యనని చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నారు. పన్నెండు వందల పైచిలుకు ఆచార్యుల్లో అలా కాదన్నవారు డజను మంది. 1940లో ఆయన పోయారు.

లెక్క పోలేదు. కాలిఫోర్నియా నారింజ తోటల్లో దూదిలాంటి తెల్లని పొలుసు పురుగును అణచడానికి 1888లో ఆస్ట్రేలియా నుంచి ఒక రకం అక్షింతల పురుగును తెప్పించారు. అది పని చక్కగా చేసింది. 1940లలో డి.డి.టి. చల్లేసరికి అక్షింతల పురుగులు చచ్చాయి, పొలుసు పురుగు మళ్ళీ విజృంభించింది. అచ్చంగా వోల్తెర్రా వల! 1980లలో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ఊడ్చేసినప్పుడు కూడా, విచ్చలవిడిగా మందులు కొట్టడం ఒక కారణమన్నారు శాస్త్రజ్ఞులు. పాపం, ఆ రైతులకు అప్పులే మిగిలాయి. శత్రువునూ, శత్రువుకు శత్రువునూ కలిపి చంపితే లాభపడేది ఎవరో మామగారు 1926లోనే లెక్క కట్టి పెట్టారు. మందు డబ్బాల మీద మాత్రం ఆ లెక్క ఎవరూ అచ్చు వెయ్యలేదు.