ఆర్కేడ్ క్యాబినెట్ మానిటరు మార్పిడి

ఆర్కేడ్ క్యాబినెట్ అనగా వీడియో గేములు ఆడుటకు మానిటరు, జాయ్‌స్టిక్కు, బటన్లు, స్పీకర్లు అమర్చిన నిలువెత్తు పెట్టె. ఒకప్పుడు వీడియో గేమ్ పార్లర్లలో కనిపించిన ఇటువంటి పెట్టెలను ఔత్సాహికులు ఇంటివద్దనే ప్లైవుడ్‌తో తయారుచేసుకుంటారు. వీటిలో పాడైన పిక్చర్ ట్యూబు మానిటరును తీసి ఎల్‌సీడీ మానిటరును బిగించేటప్పుడు తెర కొలత, సంకేతం, విద్యుత్ భద్రత అనే మూడు విషయాలు ముఖ్యమైనవి.

నేపథ్యం

1972లో అటారీ సంస్థ ఇంజనీరు అలన్ ఆల్కార్న్ రూపొందించిన పాంగ్ ఆట తొలి నమూనాలో, దుకాణంలో కొన్న హిటాచీ నలుపు-తెలుపు టీవీనే చెక్కపెట్టెలో అమర్చారు. 1997లో నికోలా సాల్మోరియా విడుదల చేసిన మేమ్ అనే సాఫ్టువేరు వలన పాత ఆటలను సాధారణ కంప్యూటరుపై ఆడే వీలు కలిగింది. ఇంటి క్యాబినెట్ల తయారీకి ఇది బాగా తోడ్పడింది.

తెర కొలత

పాత ఆటలలో అధికభాగం 4:3 నిష్పత్తి గల తెరకు తయారైనవి. 19 అంగుళాల అటువంటి తెర వెడల్పు సుమారు 15.2 అంగుళాలు, ఎత్తు 11.4 అంగుళాలు. అదే 19 అంగుళాల 16:9 తెర ఎత్తు 9.3 అంగుళాలే కనుక బొమ్మ 15.5 అంగుళాల తెరకు సమానంగా కుదించుకుపోయి, ఇరువైపులా నల్లని పట్టీలు మిగులుతాయి. పాత పరిమాణం కావాలంటే 23 అంగుళాలకు మించిన తెర అవసరం. దాని వెడల్పు 20 అంగుళాలు దాటుతుంది. అందువలన ముందుగా పెట్టె లోపలి వెడల్పు కొలవాలి. పాక్-మాన్ (1980) వంటి ఆటలకు తెరను నిలువుగా తిప్పి బిగిస్తారు.

సంకేతం

పాత గేమ్ బోర్డులలో ఎక్కువ భాగం సుమారు 15 కిలోహెర్ట్‌జ్ సంకేతాన్ని ఇస్తాయి. వీజీఏ మానిటర్లకు కనీసం 31 కిలోహెర్ట్‌జ్ సంకేతం కావాలి. కనుక మధ్యలో కన్వర్టరు వాడాలి. కంప్యూటరుతో నడిచే క్యాబినెట్‌కు ఇది అక్కరలేదు. పిక్చర్ ట్యూబుకై చేసిన లైట్ గన్ ఎల్‌సీడీ తెరపై పనిచేయదు.

విద్యుత్ ప్రమాదం

రంగుల పిక్చర్ ట్యూబు యానోడ్ వద్ద 20,000 వోల్టులకు పైగా విద్యుత్ పీడనం ఉంటుంది. ప్లగ్గు తీసిన కొన్ని రోజులకు కూడా ఆవేశం ట్యూబులో నిలిచి ఉండవచ్చు. దానిని తొలగించుటకు మంచి ఇన్సులేషన్ గల స్క్రూడ్రైవరు లోహభాగాన్ని తీగతో ట్యూబు వెనుకనున్న గ్రౌండు తీగకు కలిపి, దాని మొనను రబ్బరు మూత కిందకు పోనిచ్చి యానోడ్‌కు తాకిస్తారు. ఆవేశం తిరిగి చేరవచ్చు కనుక కొద్ది నిమిషాల తరువాత మరల ఇలాగే చేస్తారు. ట్యూబు మెడ విరిగితే గాజు పగిలి గాయాలు కావచ్చు. అనుభవం లేనివారు ఈ పనిని టీవీ మెకానిక్‌కు అప్పగించడం మేలు.

అమరిక, పారవేత

ఎల్‌సీడీ మానిటర్లలో అధికభాగానికి వెనుక 75 లేదా 100 మిల్లీమీటర్ల దూరంలో నాలుగు మరరంధ్రాలు ఉంటాయి. వాటికి అడ్డపట్టీ బిగించి తెరను నిలుపుతారు. వేసవి తీవ్రంగా ఉండే రెంటచింతల, కారంపూడి వంటి పల్నాటి ప్రాంతాలలో పెట్టె వెనుక గాలి రంధ్రాలు అవసరం.

పిక్చర్ ట్యూబు గాజులో సీసం ఉంటుంది. కనుక దానిని పగులగొట్టక, చెత్తలో వేయక, నమోదైన ఈ-వ్యర్థాల రీసైక్లింగ్ కేంద్రానికి అప్పగించాలి. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాలు భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి.