మద్దిచెట్టు మీది పట్టు



పట్టు అనగానే మనకు మల్బరీ ఆకు, చీనా దేశం గుర్తుకు వస్తాయి. కాని మద్దిచెట్ల ఆకు మేసి అడవిలోనే పెరిగే పట్టుపురుగు ఒకటి మనకున్నది. అదే దసలి పట్టుపురుగు. దీని చరిత్ర చాలా పాతది.

ఇప్పుడు పాకిస్తానులో ఉన్న హరప్పా, చన్హుదారోలలో దొరికిన రాగి నగలకూ పూసలకూ అంటుకొని ఉన్న దారపు పోగులను శాస్త్రజ్ఞులు పరీక్షించి, అవి అడవిపట్టు అని 2009లో ప్రకటించారు. హరప్పా పోగులలో దసలి కూడా ఉన్నదన్నారు. వాటి వయస్సు 4,000 ఏళ్ళ పైమాటే!

సామర్లకోటలో మొక్కలను పరిశోధించి, 1793లో కలకత్తా తోటకు వెళ్ళిన రాక్స్‌బరో దొర ఈ పురుగును గురించి వ్రాసిన వ్యాసం 1804లో అచ్చయినది. ఇది కట్టడిలో ఇమిడేది కాదని ఆయన ఆనాడే గ్రహించాడు. 1964లో రాంచీలో దసలి పరిశోధన కేంద్రం వెలసినది. అయినా నేటికీ దీని మేపు ముఖ్యంగా చెట్టు మీదనే.

ఎందుకంటారా? దాని బ్రతుకు చూడండి. తొలకరి పడగానే చిలుక కాయను వీడి బయటకు వస్తుంది. దానికి తినే నోరు లేదు. కొద్ది దినాలే ఆయువు. ఆ కాస్తలోనే జతకూడి, నూటికి పైగా గ్రుడ్లు పెట్టి రాలిపోతుంది. వారం పది దినాలలో పిల్లలు పొదుగుతాయి. ఆకుపచ్చని పురుగు నెలకు పైగా ఆకు మేసి, నాలుగుసార్లు కుబుసం విడిచి, కొమ్మకు కాడ పేని గట్టి కాయ కట్టుకొంటుంది. ఏడాది చివరి పంట కాయలలోని పురుగు ఎండకాలమంతా నిద్రించి, మళ్ళీ తొలకరికే మేల్కొంటుంది.

అంటే ఆ కాయే వచ్చే ఏటికి విత్తనమన్నమాట. దొరికిన కాయనల్లా ఉడకబెడితే విత్తనం ఎక్కడిది? మద్దిని మొదలంటా నరికితే మేత ఎక్కడిది?

చెన్నూరు, మహదేవపూర్ అడవుల ప్రక్కన ఉన్న సోదరులు ముఖ్యంగా గమనించాలి. మంచి కాయలు కొన్ని విత్తనానికి విడిగా ఉంచండి. తల్లిచిలుకను సూక్ష్మదర్శినితో పరీక్షించి, పెబ్రిన్ తెగులు లేదని తేలిన గ్రుడ్లనే చెట్టుకెక్కించండి. చీమలు, కందిరీగలు, పక్షులు వాలకుండా కాపు కాయండి. విస్తరణ కార్యకర్తలు విత్తనపు పరీక్షలో వారికి తోడ్పడాలి. నాలుగు వేల ఏళ్ళ పంట మన చేతుల్లో తెగిపోకూడదు!