మన్యపు కాఫీతోటలు, హుద్‌హుద్ తుపాను

తెలుగువారి తుపానుల చరిత్ర యావత్తు సముద్రతీరమున వ్రాయబడినది. 1789లోను, మరల 1839లోను కోరంగి రేవును ముంచిన ఉప్పెనలు, 1864 నవంబరులో బందరు ప్రాంతమున సుమారు ముప్పదివేలమందిని పొట్టనబెట్టుకొన్న ఉప్పెన, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ప్రళయము, వీనినే మనము తరతరములుగా తలచుకొనుచున్నాము. తుపాననగా ఉప్పునీరనియు, పడవలనియు, కొట్టుకొనిపోయిన పాకలనియు మన మనస్సున ముద్రపడిపోయినది. తూర్పుకనుమలనన్ననో, గాలికి అడ్డముగా భగవంతుడు కట్టిన గోడలుగానే భావించుచు వచ్చితిమి. ఆ గోడమీద కూడ మనుష్యులు కాపురముండిరన్న సంగతి మైదానమువారికి అంతగా తోచలేదు.

2014 అక్టోబరు 12, ఆదివారము. అండమాను సముద్రమున పుట్టి, ఒమాను దేశమువారు సూచించిన ఒక పక్షి పేరు ధరించి వచ్చిన హుద్‌హుద్ తుపాను ఆనాటి మధ్యాహ్నవేళ విశాఖపట్టణముకడ తీరము దాటెను. గాలి వేగము గంటకు 180 కిలోమీటర్ల దరిదాపున నుండెను. నగరమునకు కలిగిన నష్టమును పత్రికలు సవిస్తరముగా వర్ణించినవి కావున ఇచట దానిని చెప్పబనిలేదు. విశాఖకు వెనుకనే కొండలు లేచి నిలిచియుండుటచేత, ఆ సుడి తన బలము పూర్తిగా ఉడుగకముందే అనంతగిరిని, అరకులోయను, పాడేరు పరిసరములను తాకి, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తుననున్న పల్లెలను చీల్చుకొనుచు వాయవ్యముగా సాగిపోయెను. దాని శేషమే రెండు దినముల తరువాత నేపాళదేశమున అన్నపూర్ణ శిఖరముల చుట్టుదారిలో మంచుతుపానుగా మారి నలుబదిమందికి పైగా బాటసారులను, వారి వెంటనున్న స్థానికులను బలిగొన్నది. బంగాళాఖాతపు గాలికి కొండ లడ్డుకావనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

శృంగవరపుకోటనుండి అనంతగిరి మీదుగా అరకు పోవు ఘాటురోడ్డును, మాడుగుల వైపునుండి పాడేరు నెక్కు ఘాటురోడ్డును చెట్లు కూలి మూసివేసినవి. 1960 దశకమున బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖ రేవునకు తెచ్చుటకై వేసిన కొత్తవలస–కిరండోలు మార్గమున రైలు రాకపోకలు నిలిచెను. మట్టిగోడల యిండ్లపై గడ్డికప్పులు లేచిపోయినవి; రేకులు వేసికొన్నవారి రేకులు గెడ్డలలో తేలినవి. లోయలోని మడులలో పొట్టదశ దాటిన వరి నేలకొరిగెను. మెట్టలమీద సామ, చోడి చేలు రాలిపోయెను. ఇవి యన్నియు తుపాను వెంటనే కనబడు నష్టములు. ఇట్టివానిని ఓర్చుకొను నేర్పు మన్యము వారికి పూర్వమునుండి కలదు: అడవినుండి వాసము, వెదురు తెచ్చుకొని, ఒకరికొకరు సాయము పట్టి, సంతకు దారి తెరచునాటికే పైకప్పులు వేసికొందురు. నాడును అట్లే వేసికొనిరి. అయితే అసలు దెబ్బ ఇంటిమీద పడలేదు, తోటమీద పడినది. అది యెంతటిదో తెలియవలెనన్న ఆ తోటలు పుట్టిన విధమును తెలిసికొనక తప్పదు.

మన కనుమలలోనికి కాఫీ 1898లో వచ్చినది. బ్రాడీ అను ఆంగ్లేయుడు తూర్పుగోదావరి మన్యమున పాములేరు లోయలో మొదట దానిని నాటించెను. ఇరువదవ శతాబ్ది మూడవ దశకమునకు అది అరకు ప్రాంతమునకు, గూడెము కొండలకు ప్రాకెను గాని, అప్పటికి అది దొరల వేడుకయే తప్ప గిరిజనుల వ్యవసాయము కాలేదు. స్వాతంత్ర్యానంతరము అటవీశాఖవారు రక్షితారణ్యములలో తోటలు వేయించిరి. 1985లో అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వచ్చెను. గూడెంకొత్తవీథి మండలములోని ఆర్.వి. నగరులో కాఫీబోర్డువారి పరిశోధనకేంద్రము వెలసెను. ఆపైన పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థవారు ఒక్కొక్క కుటుంబమునకు ఎకరమో, రెండెకరములో చొప్పున కాఫీ నాటించు పని చేపట్టగా, బగతలు, కొండదొరలు, కోదులు, వాల్మీకులు మున్నగువారు తమ స్వంత భూములలో కాఫీ రైతులైరి.

ఈ ప్రయత్నమునకు మూలము పోడు. కొండవాలున అడవి నరికి, కాల్చి, రెండుమూడేండ్లు పండించుకొని మరియొక చోటికి పోవు ఆ సేద్యమును మాన్పింపవలెనని ప్రభుత్వము ఎన్నడో సంకల్పించెను. కాఫీ నీడను కోరు మొక్క. దాని నీడకై ఉంచిన చెట్టును రైతు నరకడు. కాబట్టి కాఫీ వేసినచో పోడు ఆగును, బోడిగుట్టలు పచ్చబడును, చేతికి రొక్కము వచ్చును అని పెద్దలు తర్కించిరి. తర్కము మంచిదే. కాని పోడు కొట్టి బోడియైన గుట్టమీద నీడ ఎచటనుండి వచ్చును? మద్ది, వేగిస వంటి దేశీయవృక్షములు నీడనిచ్చు వయస్సునకు వచ్చునప్పటికి నాటినవాడు ముసలివాడగును. అందుచేత ఆస్ట్రేలియా తూర్పుభాగమునందు పుట్టి, పందొమ్మిదవ శతాబ్దిలో నీలగిరుల తేయాకు, కాఫీతోటలకు వచ్చిన సిల్వర్ ఓక్ చెట్టును తెచ్చి ముందుగా నాటించి, అది నిలద్రొక్కుకొన్న తరువాత దాని క్రింద కాఫీ పెట్టించిరి. అది త్వరగా పెరుగును, నిటారుగా ఎదుగును, దాని మొదట నాటిన మిరియపు తీగ చక్కగా పైకి ప్రాకును. కాఫీ డబ్బు ఒకమారు, మిరియాల డబ్బు మరొకమారు! ఇంతటి అనుకూలమైన చెట్టును కోరుకొన్నందుకు ఎవరినీ నిందింపరాదు. దానికి ఒక్కటే లోపము: కట్టె పెళుసు. పెనుగాలికి అది వంగదు, విరుగును.

హుద్‌హుద్ గాలికి సిల్వర్ ఓక్ చెట్లు వరుసలు వరుసలుగా నడుమకు విరిగియో, వేళ్ళతో పెల్లగిలియో క్రిందనున్న కాఫీ మొక్కలమీద పడినవి. కాఫీ కోత నవంబరులో మొదలగును. అనగా కాయ పండుటకు నెలదినములు కూడ లేనప్పుడు, ఏడాది పొడవునా కనిపెట్టుకొన్న పంట మ్రానుల క్రింద నలిగినది. వానితోపాటు మిరియపు తీగలును పోయినవి. అయినను, ఆ సంవత్సరపు పంట పోవుటతో కథ ముగిసియున్నచో ఈ వ్యాసము వ్రాయవలసిన పనియే లేకుండెడిది.

విరుగక మిగిలిన కాఫీ మొక్కల పాట్లు తరువాత ప్రారంభమాయెను. ఏండ్ల తరబడి నీడకు అలవాటుపడిన మొక్క ఒక్కసారిగా ఎండలోనికి వచ్చినప్పుడు దాని ఆకు మాడును, కొమ్మ చివరలు ఎండిపోవును. కొన్ని మొక్కలు బెదరి శక్తికి మించిన కాపు కాచి, ఆపైన నీరసించును. అన్నింటికంటె కీడైనది తెల్ల కాండము తొలుచు పురుగు. దాని తల్లి ఎండ సోకిన కాండమునే వెదకి గ్రుడ్లు పెట్టును. చూచువారికి నిలిచియున్నట్లే కనబడిన తోట లోలోపల గుల్లయగును. ఇట్లు ఒక్క దినపు గాలి ఏండ్ల తరబడి రైతును వేధించెను.

దీనికి మందు ఓపికయే. విరిగిన కాఫీ మొక్కను నేలకు జానెడు, మూరెడు ఎత్తున నరికి, వచ్చిన చివురులలో బలమైనదానిని నిలిపి పెంచినచో రెండుమూడేండ్లకు తిరిగి కాయును. పూర్తిగా పోయినచోట క్రొత్త మొక్క నాటినను అంతకాలమో, అంతకంటె కొంచె మెక్కువయో పట్టును. ఈలోగా నీడ కావలెను గదా! త్వరగా అల్లుకొను బాడిత కొమ్మలను, అరటిని తాత్కాలికపు గొడుగులుగా నాటి, వాని నడుమ మరల సిల్వర్ ఓక్ నారు పెట్టవలెను. అంతకు ముందు పడిన మ్రానులను తొలగింపవలెను; అది చిన్నపని కాదు. మైదానమున ఆ కట్టె పెట్టెలకును, ప్లైవుడ్డుకును పనికివచ్చును. కాని వాలుదారిలో దానిని మోసి, రవాణా అనుమతి సంపాదించి, కొండ దింపుటకు అగు వ్యయమును, దానికి వచ్చు వెలను పోల్చుకొన్న రైతునకు మిగులునది స్వల్పము. నష్టపరిహారపు పద్దులో ఎకరములకు, ఇండ్లకు గడులుండును. పెద్దచెట్టు నీడ తిరిగి వచ్చువరకు గడచు ఏండ్లకు గడియుండదు. ఇది అధికారుల దయాదాక్షిణ్యములకు సంబంధించిన మాట కాదు. పద్దు వ్రాయు పద్ధతియే తీరమునందలి తుపానులను చూచి ఏర్పడినదని నా యభిప్రాయము.

1956లో ఏర్పడి, నిత్యావసరముల (డీఆర్) డిపోలద్వారా బియ్యము, ఉప్పు అమ్ముచు, సంతలలో చింతపండు, తేనె కొనుచు వచ్చిన గిరిజన సహకార సంస్థ తుపాను తరువాతి కాలమున కాఫీ కొనుగోలునకు నడుము కట్టెను. 2015–16నుండి పదేండ్ల ప్రణాళికగా మరియొక లక్ష ఎకరములలో కాఫీ విస్తరింపవలెనని ప్రభుత్వము నిర్ణయించెను. నాంది ఫౌండేషను అను సేవాసంస్థవారి యత్నమున అరకు కాఫీ దుకాణము 2017లో పారిసునగరమున తెరవబడెను. 2019లో ‘అరకువ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు లభించెను. కీర్తి కొండదిగి దూరదేశములకు పోవుచున్న ఆ యేండ్లలోనే నీడచెట్లు మోకాలెత్తునుండి మనిషి యెత్తునకు, ఆపైన ఇంటి యెత్తునకు పెరుగుచుండెను.

క్రొత్త నాట్లలో ఏమి నాటవలెనన్నది మాత్రము తేలికగా తేలు ప్రశ్న కాదు. గాలికి తట్టుకొను నానాజాతి చెట్ల మిశ్రమము మేలని శాస్త్రజ్ఞులందురు; ఆ మాట నిజమే. కాని మిరియపు తీగకు సిల్వర్ ఓక్ వలె కుదురు మ్రాను మరొకటి అంత శీఘ్రముగా దొరకదు కాబట్టి రైతు దానిని పూర్తిగా విడువడు. తోట నడుమ పనసకును మామిడికిని చోటు విడిచినవాడు కూడ తుపానును తలచి విడిచె ననుకొనరాదు. ఎండకాలమున గాదె అడుగంటి, క్రొత్త పంట ఇంకను దూరముననుండగా, పనసతొనలును, పిక్కలును, మామిడి టెంకల పిండితో కాచిన అంబలియును ఇల్లు గడపును. ఆ లెక్క వానికి కాఫీకంటె ముందునుండియే తెలియును.