బళ్ళారి నాటక సభలు

ఉగాదికి నాటకం వేయాలనుకోవడం, చందాలు పోగుచేయడం, వేషాలకు మనుషులు దొరకక ఇంటింటికీ తిరగడం మన ప్రవాసాంధ్ర సంఘాలన్నిటికీ అలవాటైన పనులే. జీతం కోసం కాక ఇష్టం కోసం ముఖానికి రంగు పూసుకొనే ఈ ఆచారం మనకెక్కడినుండి వచ్చిందని వెదుకుతూ పోతే, తప్పక చేరుకొనే ఊళ్లలో బళ్ళారి ఒకటి. ఆ ఊరు నేడు కర్ణాటకంలో ఉన్నది. అందుచేతనే కాబోలు, మన పిల్లలకు దాని పేరు వార్తలలో ఇనుప గనుల ప్రస్తావన వచ్చినపుడు తప్ప వినిపించడం లేదు.

1800లో నైజాము ఈ సీమను కుంపినీవారికి దత్తం చేశాడు. తరువాత బళ్ళారి జిల్లాకు ముఖ్యపట్టణమైనది, దండు దిగినది, కోర్టులు వెలసినవి. 1882 దాకా అనంతపురం కూడా ఈ జిల్లాలోనిదే. కౌల్ బజారులోను, బ్రూస్ పేటలోను తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ, అరవం కలిసి వినిపించే ఊరది. తంజావూరులో వలె కళలను పోషించే రాజు గాని, కోస్తాలో వలె అగ్రహారాలిచ్చే జమీందారు గాని అక్కడ లేరు. ఉన్నదల్లా ప్లీడర్లు, గుమాస్తాలు, బడిపంతుళ్లు, వర్తకులు. నాటకం కావాలంటే వారే వ్రాసుకోవాలి, వారే ఆడాలి, ఖర్చూ వారే పెట్టుకోవాలి.

ఆ పనికి నడుము కట్టినవారు ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు (1853-1912). వృత్తి వకాలతు. సాయంకాలమైతే సరస వినోదినీ సభ. 1887లో వారి ‘చిత్రనళీయం’ రంగమెక్కింది. పాత్రల చేత పద్యాలను, పాటలను రాగతాళాలతో పాడించి, వారు నాటకాన్ని సంగీతపు కచేరీకి దగ్గరి చుట్టాన్ని చేశారు. సంగీతం మితిమీరి నాటకాన్ని మింగివేసిందని తరువాతివారు నిందించిన మాట నిజమే, అందులో కొంత న్యాయమూ ఉన్నది. అయితే చదువురాని శ్రోతను కూడా తెల్లవార్లూ కూర్చుండబెట్టినది ఆ సంగీతమే గదా! నాటకం శుభంగా ముగియాలనే సంప్రదాయాన్ని కాదని ‘విషాద సారంగధర’ వ్రాయడం అంతకంటె పెద్ద సాహసం.

ఒక్క ఊరిలో ఒక్క సభ ఉంటే అది త్వరలో నిద్రపోతుంది. బళ్ళారికి ఆ ప్రమాదం పట్టలేదు. కోలాచలం శ్రీనివాసరావుగారు (1854-1919) కూడా ప్లీడరే, ఆచార్యులుగారికంటె ఒక ఏడు చిన్న. వారి పక్షాన సుమనోరమ సభ వెలసింది. ఒకరు పురాణ కథలకు ప్రసిద్ధులైతే మరొకరు చరిత్రను చేపట్టారు. విజయనగర పతనాన్ని ‘రామరాజు చరిత్ర’గా వ్రాశారు. ఆ శిథిలాలు బళ్ళారికి దూరమేమీ కావు, నాడు హంపి ఆ జిల్లాలోనే ఉండేది. చూడవచ్చిన జనానికి అది పుస్తకాలలోని చరిత్ర కాదు, బండి కట్టుకొని వెళ్లి చూడగలిగిన చరిత్ర. శ్రీనివాసరావుగారు అంతటితో ఆగక, ప్రపంచ నాటక చరిత్రను 1908లో ఇంగ్లీషున ప్రకటించారు.

సరస వినోదినీ సభవారు 1891లో మదరాసు వెళ్లి నాటకాలాడారు. ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియారు అనే 18 ఏళ్ల తమిళ యువకుడు ఉన్నాడు. నాటకమంటే అతనికి అంతవరకు చిన్నచూపు. కోర్టులో వాదించే పెద్దమనుషులు వేషాలు కట్టి ఆడటం చూసి అతని మనసు మారింది. ఆ జూలైలోనే మిత్రులతో కలిసి సుగుణ విలాస సభను స్థాపించాడు. తమిళుల ఆధునిక నాటకరంగానికి పునాది వేసినవారిలో ఆయన ముఖ్యుడు, తరువాత న్యాయాధిపతి కూడా అయ్యాడు. ఈ సంగతిని ఆయనే తన జ్ఞాపకాలలో వ్రాసుకొన్నాడు. మనవారు మాత్రం దీనిని తగినంతగా చెప్పుకోలేదు.

స్కాట్లండులోని ఎడింబరోలో 1947లో గొప్ప కళోత్సవం జరిగినపుడు, ఆహ్వానం లేని 8 నాటక బృందాలు తమంతట తామే వచ్చి దొరికిన చోట్ల ఆడాయి. పిలుపు లేని ఆ పేరంటమే నేడు లోకప్రసిద్ధమైనది. ఎవరి అనుమతి కోసమూ చూడని కళ అని దానిని కొనియాడుతారు. బళ్ళారి ప్లీడర్లు ఆ పని అంతకు 60 ఏళ్ల ముందే చేశారని గుర్తుచేయడంలో మాకు కొంత గర్వం లేకపోలేదు.

ఈ సభల పంట తాడిపత్రి రాఘవాచార్యులు, అనగా బళ్ళారి రాఘవ (1880-1946). ధర్మవరంవారికి మేనల్లుడు, తానూ ప్లీడరే. అయితే రామరాజు చరిత్రలో పఠాన్ రుస్తుంగా ఆయన ఖ్యాతి పొందినది కోలాచలంవారి పక్షాన! మేనమామ పాటలు పెంచితే మేనల్లుడు రాగాలు తగ్గించి, మాటకు, ముఖానికి పట్టం కట్టాడు. ఆడవేషాలు ఆడవారే వేయాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులను రంగానికి తెచ్చాడు. నాడు అది ఎన్ని నోళ్లకు పని కల్పించిందో ఊహించుకోవచ్చు. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాలుగింటా నటించాడు. ‘దీనబంధు కబీరు’ను 1927లో గాంధీజీ చూశారు. 1928లో ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షాను కలుసుకొన్నాడు.

ఆయన పోయిన ఏడేళ్లకు జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. బళ్ళారి తాలూకా ఎవరిదన్న తగవును మిశ్రా కమిటీ విచారించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించిన నాడే బళ్ళారి మైసూరులో చేరింది. ఆ బాధ మన పెద్దలలో చాలాకాలం మిగిలింది. బళ్ళారి మాది అని సభలలో గొంతెత్తి చెప్పినవారు ఎందరో. ధర్మవరంవారి నాటకాలను తిరిగి అచ్చువేసి పిల్లల చేతికిచ్చినవారు ఎందరని అడిగితే మాత్రం మనం తలవంచుకోవలసిందే.

ఊరు పరభాషా రాష్ట్రంలో చేరినంత మాత్రాన రాఘవను వదులుకోలేదు. అక్కడి రాఘవ కళామందిరానికి ఆ తెలుగు నటుని పేరే ఉన్నది. ఆయనతో కలిసి నటించి, ఆయన జీవితాన్ని కన్నడంలో వ్రాసినవారు జోళదరాశి దొడ్డనగౌడగారు, కన్నడ కవి. తెలుగు, కన్నడ రంగస్థలాలు రెండింటిపైనా పాడి నటించిన సుభద్రమ్మ మన్సూర్ అదే ఊరి బిడ్డ. 2020లో ఆమె కన్నుమూసినపుడు ఏ భాషవారు ఎక్కువ దుఃఖించాలన్న ప్రశ్న బళ్ళారిలో ఎవరికీ తోచి ఉండదు.