తైలమును తేటపఱచు యంత్రము

నేను ముప్పది యేండ్లు బడిపిల్లలకు శబ్దములును, సంధులును చెప్పినవాఁడను. యంత్రశాస్త్రము నా విద్య కాదు. అట్టి నేను నూనెను శుద్ధిచేయు యంత్రమును గూర్చి మాటాడఁబూనుట మీకు వింతగాఁ దోఁచవచ్చును. దీనికొక కారణము కలదు. నాయొద్దఁ జదివిన పిల్లవాఁడొకఁడు పెద్దవాఁడై, యోడలోని యంత్రశాలయందుఁ గొలువునఁ జేరెను. నాలుగేండ్ల క్రిందట సెలవునకు వచ్చి నాకు నమస్కరింపఁగా, వాని కుడిచేతికి రెండు వ్రేళ్లు లేవు. ఆ చేతిని బట్టి యిసుకలో ఓనమాలు దిద్దించినవాఁడను నేనే. "ఇదేమిరా?" యని యడిగితిని. వాఁడు చెప్పిన సంగతి విన్న పిమ్మట, ఆ యంత్రము పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనక నాకు నిదుర పట్టలేదు.

గానుగనుండి తెచ్చిన నూనెను కుండలో నుంచితిమేని, కొన్నిదినములకు మడ్డి యడుగునకు దిగి, పైని తేట నిలుచును. ఇది భూమ్యాకర్షణము చేయు పని. ఓడలలోఁ గాల్చు నూనెయందు నీరు, ఇసుక, త్రుప్పు కలసియుండును. అవి యింజనులోనికిఁ బోయెనేని సన్నని రంధ్రములు పూడును, లోహ మరిగిపోవును. దినమునకు టన్నులకొలఁది నూనె కాల్చుచోట మడ్డి దిగువఱకుఁ గాచికొని కూర్చుండుట సాధ్యము కాదు. అలలపై నూఁగు తొట్టిలో నది కుదురుగా దిగనుఁ దిగదు. కావున నూనెను పాత్రలోఁ బోసి గిరగిరఁ ద్రిప్పి, యాకర్షణమునకు వేలరెట్లు బలమును బుట్టింతురు. మంచెపై నిలిచి వడిసెల త్రిప్పినవారికి ఈ బలము చేతికే తెలియును.

ఈ యుపాయము మొదట నూనెకొఱకుఁ బుట్టలేదు, పాలకొఱకుఁ బుట్టినది. మనము పాలు కాఁచి, తోడుపెట్టి, పెరుగు చిలికి వెన్న తీయుదుము. ఐరోపాలోనో, పచ్చిపాలను వెడల్పైన పాత్రలలో నిలువనుంచి, పైకిఁ దేలిన మీఁగడను దీయుట వాడుక. అందులకుఁ జాల కాలము పట్టును. లేఫెల్టు అను జర్మనీయుఁడు పాలను ద్రిప్పి మీఁగడ తీయు యంత్రమును జేసెను గాని, మాటిమాటికి దానిని నిలిపి మీఁగడ నెత్తవలసియుండెను. 1877 లో ఆ సంగతిని పత్రికలోఁ జదివిన స్వీడను దేశీయుఁడు గుస్టాఫ్ డి లావల్ 1878 లో మఱియొక యంత్రమును గల్పించెను. పాలు ఒకవంకఁ బోయుచుండఁగనే, మీఁగడ యొక త్రోవను, మీఁగడ తీసిన పాలు వేఱొక త్రోవను ఎడతెగక వెలువడుట దీని విశేషము. 1883 లో ఆతఁడు ఆస్కార్ లామ్ అను భాగస్వామితోఁ గూడి సెపరేటర్ అను కంపెనీని నెలకొల్పెను.

పిమ్మట బెక్టోల్‌షైమ్ అను మఱియొక జర్మనీయుఁడు 1888 లో ఒక చిన్న మార్పును గనిపెట్టెను. చిన్న మార్పే కాని, నా దృష్టిలో నసలైన బుద్ధి యిదియే. తిరుగు కుంభములో గరాటులవంటి పలుచని పళ్లెములను, సన్నని సందులు విడిచి, యొకదానిపై నొకటి పేర్చెను. రేణువు కుంభమంతయు దాఁటఁ బనిలేదు. ఆ సందు దాఁటిన విడిపోవును. ఈ హక్కును డి లావల్ కంపెనీ కొనెను. ఆ పళ్లెములకుఁ బెట్టిన ఆల్ఫా యను పేరును, డి లావల్ పేరును గలిపియే 1963 లో ఆ కంపెనీ ఆల్ఫా లావల్ అయ్యెను. డి లావల్ మాత్రము 1913 లో అప్పులతోనే కన్నుమూసెను. లోకమునకు మీఁగడ తీసి యిచ్చినవాఁడు తనకు మీఁగడ మిగుల్చుకొనలేఁడయ్యె!

పాలను విడఁదీసిన యంత్రము నూనెను విడఁదీయుటకు వచ్చుట సహజమే. డీసెలు ఓడలు మొదట పలుచని, వెలగల నూనెనే కాల్చుచుండెను. చమురు శుద్ధిచేయఁగా మిగిలిన చిక్కని మడ్డినూనె చవుక. 1946 లో జాన్ లాంబ్ అను ఇంజనీరు ఆరిక్యులా యను ఓడలో ఆ మడ్డినూనెను గాఁచి, రెండు యంత్రములగుండ, ఒకదాన నీటిని, రెండవదాన ఘనరేణువులను దీసి, డీసెలు ఇంజనుకుఁ బెట్టి నడపించెను. నాఁటినుండి ఈ యంత్రము ఓడకుఁ దప్పనిసరి యయ్యెను.

ఇఁక దాని బలము వినుఁడు. అరమీటరు వ్యాసముగల కుంభము నిమిషమునకు 5000 మాఱులు తిరిగెనేని, దాని యంచు గంటకు 470 కిలోమీటర్ల వేగమునఁ బోవును. అంచున నున్న గ్రాము మడ్డి యేడు కిలోల బరువై గోడను నొక్కును. సెకనుకు 50 తరంగముల విద్యుత్తునకుఁ దగిన పండ్లచక్రములను, 60 తరంగముల విద్యుత్తుగల యోడలో బిగించినచో, వేగ మయిదవవంతే పెరుగును. బలమో, నూటికి 44 వంతులు పెరుగును. ఉక్కు పగులుట కింతకన్న నేమి కావలయును? ఒక కుంభపు భాగములను వేఱొక కుంభమునకుఁ దగిలింపరాదు. అవి యన్నియుఁ గలిపి తూకము సరిచూచినవి. మూఁత బిగించు వలయముపై గీటు, కుంభముపై గీటు ఉండును. అరుగుదలచే నొకటి రెండవదానిని మిక్కిలి దాఁటెనేని, "ఇంకొక నెల నడచునులే" యనువాఁడు ప్రాణముతోఁ జెలగాటమాడుచున్నాఁడు. మడ్డి యొకప్రక్కఁ బేరుకొని యంత్రము వణఁకఁజొచ్చినచో, వెంటనే మోటారు నాపి, కుంభము నిండియుండునట్లు చూచి, అందఱు ఆ గదిని విడిచిపోవలయును. దగ్గఱకుఁ బోయి చేవిప్పి చూడఁదగదు. నూనెను నూఱు డిగ్రీల ప్రాంతమునకుఁ గాఁచుదురు గావున, గొట్టము కారి కాలిన లోహముపైఁ బడెనా, నిప్పంటుకొనును.

మా పిల్లవాఁ డివి యన్నియు నెఱుఁగును. మోటారు ఆపెను, చప్పుడు తగ్గెను, త్వరలో శుభ్రము చేసి రమ్మని పైవాఁడు తొందరపెట్టెను. మూఁత యెత్తెను. నున్నని కుంభము నిలిచినట్లే కనఁబడెను. బొంగరము మిక్కిలి వేగముగాఁ దిరుగునపుడు కదలనట్లు తోఁచుట మన పిల్లలందఱు నెఱుఁగుదురు గదా. విద్యుత్తు పోయినను ఆ బరువైన కుంభము పెద్దసేపు తిరుగుచునే యుండును. వాఁడు గుడ్డతోఁ దుడువఁబోఁగా, గుడ్డ చుట్టుకొని చేతిని లాఁగెను. "నిలిచినదో లేదో తెలుపు సూచిక ప్రక్కనే యున్నదండీ మాస్టారూ, చూడలేదు" అని తల వంచుకొనెను. వానిని తొందరపెట్టినవానిని గూర్చి మాత్ర మొక్కమాటయు ననలేదు. నాకు కోపము వచ్చినది వానిమీఁదనే.

ఇపుడు వాఁడు క్రొత్తవారికిఁ బని నేర్పుచున్నాఁడు. సూచిక చూచి, ఆపైని మఱికొంతసేపు నిలిచి, అప్పుడు గాని మూఁతపైఁ జేయి వేయనీయఁడఁట. నెలకొక జాబు వ్రాయుచున్నాఁడు, ఎడమచేతితో. మొదటి జాబులలో అక్షరములు వంకరపోయినవి. మొన్న వచ్చినదానిలో ళకారము చక్కగాఁ గుదిరినది.