నడుమ విడువరాని ఘట్టము



నేటి ప్రసంగవిషయము కంప్యూటరు కడుపులోనిదైనను, దానిని మన మెఱిగిన దస్త్రముతోనే ప్రారంభించెదను. పూర్వము శిస్తు లెక్క వ్రాయు కరణము నొకనిని తలచుకొనుడు. ఆయన పుటలో నిలువ 100 రూపాయలని చూచెను. ఎదుట నిలిచిన రైతు చెల్లించిన 10 కలిపి 110 అని మనసులో నుంచుకొనెను. కలము సిరాబుడ్డిలో ముంచునంతలో కచేరీనుండి పిలుపు వచ్చుటచే లేచిపోయెను. ఆ సందున గుమాస్తా వచ్చి, అదే పుట తెరచి, 100 చూచి, వేఱొక రైతు తెచ్చిన 20 చేర్చి 120 అని వ్రాసిపోయెను. కరణము మరలివచ్చి, ముందుగా లెక్కించి యుంచుకొన్న 110ని దానిమీద దిద్దెను. 20 రూపాయలు మాయమయ్యెను. ఇందు దొంగ లేడు, ఇద్దరును సత్యసంధులే. దోషమంతయు చూచుటకును వ్రాయుటకును నడుమ గల సందులో నున్నది.

కంప్యూటరులో నీ సందు సెకనులో కోటవ వంతు మాత్రమే యుండవచ్చును. కాని సెకనునకు కోట్లకొలది పనులు చేయు యంత్రమును చెఱచుటకు అంతమాత్రము చాలును. ఆ యంత్రమున అనేక కార్యములు ఒక్కమారే సాగుచున్నట్లు తోచును గాని, ఒక్క ప్రాసెసరు గల చోట నిజముగా సాగునది ఒకానొక క్షణమున ఒక్కటియే. తక్కినవి వంతు కొఱకు వేచియుండును. ఆ వంతులు పంచునది ఆపరేటింగు సిస్టము. దాని నడిబొడ్డున నుండు భాగమునకు కెర్నెలు అని పేరు. అనగా గింజలోని పప్పు. ఒకని పని ముగియకుండగనే దానిని ఆపించి వంతు మఱియొకని కిచ్చుటను ప్రీఎంప్షను అందురు. అట్లు ఆపినచో లెక్క చెడు ఘట్టమును క్రిటికల్ సెక్షను అందురు. ఈ రెంటికిని గల వైరము కాలక్రమమున ఎట్లు సర్దుబాటయ్యెనో చెప్పుటయే నా యుద్దేశము.

డెక్కరు అను డచ్చి గణితవేత్త మొదట ఇద్దరికి మాత్రము సరిపడు ఉపాయమును కనుగొనెను. దానిని ఎందఱికైనను చెల్లునట్లు విస్తరించి, ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965లో ప్రకటించెను. ఆ వ్యాసము నిడివి ఒక్క పుట! సెమఫోరు అను సాధనమును కల్పించినవాడును ఆయనయే. ఆ పేరు రైలుదారి సిగ్నలు స్తంభమునుండి వచ్చినది. ఒంటిబాట రైలుమార్గము నెఱిగినవారికి దీనిని వివరింప నక్కఱలేదు. పూర్వము రెండు స్టేషనుల నడుమ ఒక్క దారియే యున్నచోట, టోకెను చేత బడనిదే డ్రైవరు బండి కదల్పెడివాడు కాడు. ఒక్కమారు ఒక్క టోకెనే వెలికి వచ్చుచుండెను గాన బండ్లు ఎదురుపడెడివి కావు. కంప్యూటరులోని తాళములన్నియు ఈ కట్టుబాటునకు పిల్లలే.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సను, డెన్నిస్ రిచీ మొదలిడిన యూనిక్సు ఇంకను తేలికయైన త్రోవ త్రొక్కెను. కెర్నెలులోనికి ప్రవేశించిన పనిని, అది తానై వంతు వదలునంతవఱకు, మఱియే పనియు నెట్టరాదు. డిస్కునుండియు గడియారమునుండియు వచ్చు పిలుపులు మాత్రము చొరబడగలవు. వానికిని అవకాశ మీయరాని తావున ప్రాసెసరు అంతస్తును పెంచి, కొంతసేపు చెవులు మూసికొనునట్లు చేయుచుండిరి. పీడీపీ-11 యంత్రమున అట్టి అంతస్తులు 0 మొదలు 7 వఱకు కలవు. దీనిని సోమరితనమని యెవరైన ననవచ్చును. నే నట్లు తలపను. ఒక్క ప్రాసెసరు గల యంత్రమునకు, కొద్దిమంది కూర్చుండి వ్రాసిన ప్రోగ్రామునకు, ఇంతకంటె నమ్మదగిన నియమము దొరకదు. దాని వెల ఆలస్యము. లోపలివాడు ఎంత పొడవైన పని చేసినను బయటివాడు ఎంత తొందరయైనను కాచుకొనవలసినదే.

తాళ ముండినంతనే భయము తీరదని 1997లో కుజగ్రహముమీద తెలియవచ్చెను. ఆ యేటి జూలై 4వ తేదీన పాత్‌ఫైండరు అను అమెరికా నౌక అచట దిగి, సొజర్నరు అను చిన్న బండిని నేలమీద నడపెను. కొలది దినములకే నౌకలోని కంప్యూటరు ఉండియుండి తనంతట తాను మొదటినుండి ప్రారంభము కాజొచ్చెను. అట్లు జరిగినపు డెల్ల ఆనాటి మిగిలిన పని మఱునాటికి వాయిదా పడుచుండెను. విప్పి చూతమన్నను యంత్రము కోట్ల మైళ్ల దూరమున నున్నది.

కారణ మిది. నౌకలో సమాచారము చేరవేయు పని మిక్కిలి ముఖ్యమైనది. గాలి, వేడిమి కొలతలు తీయు పని తక్కువ తరగతిది. రెండును ఒక తాళమునే వాడుకొనును. కొలతల పని తాళము పుచ్చుకొని లోపల నుండగా ముఖ్యమైన పని వచ్చి వాకిట నిలిచెను. ఇంతవఱకు చిక్కు లేదు. లోపలివాడు తృటిలో వెలికి వచ్చును. కాని యంతలో నడితరగతి పని యొకటి, ఆ తాళముతో నెట్టి సంబంధమును లేనిది, లేచి లోపలివాని వంతు లాగికొనెను. లోపలివాడు తాళము చేతబట్టుకొని నిలిచిపోయెను. పెద్దవాడు వాకిట కాచుకొనియే యుండెను. గడువులోగా ముఖ్యకార్యము ముగియలేదని చూచి, కాపలా యేర్పాటు యంత్రము నంతను తిరిగి ప్రారంభించెను. గ్రామపెద్ద గొళ్లెమువద్ద నిలిచియుండగా, లోపలివానిని వేఱొకడు కబురంపి పొలమునకు లాగికొనిపోయినట్లున్నది. దీనికి ప్రయారిటీ ఇన్వర్షను, అనగా తరతమముల తలక్రిందు, అని పేరు.

ఇంజనీర్లు భూమిమీద నున్న ప్రతిరూపయంత్రమున ఆ లోపమును మరల పుట్టించి పట్టుకొనిరి. మందు ముందే యున్నది. పెద్దవాడు వాకిట కాచియున్నంతసేపు, లోపలి చిన్నవానికి పెద్దవాని తరగతిని ఎరవిచ్చినచో నడివాడు వానిని కదలింపలేడు. లుయీ షా, రాజ్‌కుమార్, లెహోట్‌స్కీ అనువారు 1990లోనే ఈ పద్ధతిని గూర్చి శాస్త్రీయముగా వ్రాసియుండిరి. నౌకలోని వీఎక్స్‌వర్క్సు అను ఆపరేటింగు సిస్టములో ఆ సదుపాయము కలదు గాని ఆ తాళమునకు అది పెట్టబడలేదు. భూమినుండి ఆజ్ఞ పంపి దానిని పెట్టించిరి, రోగము కుదిరెను. నౌక దిగకమునుపే పరీక్షలలో ఈ లోపము తలచూపినదట. వెదకబోగా మరల కనబడలేదట. వంతులు సరిగా ఆ సందుననే తారుమారైనగాని బయటపడని లోపమును ఏ పరీక్షకుడు పట్టగలడు?

ఇక లైనక్సు. హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీనిని వెలువరించెను. మొదట నిందును యూనిక్సు నియమమే. 1996లో 2.0 సంచిక అనేక ప్రాసెసర్లు గల యంత్రములకు సిద్ధమైనప్పుడు, కెర్నె లంతకును ఒక్క పెద్ద తాళము వేసిరి. ఇంటి నిండ జనమున్నను తాళపుచెవి యొక్కటియే. క్రమముగా గదికొక తాళము అమర్చుచు వచ్చిరి. ఆ పెద్ద తాళము పూర్తిగా తొలగినది 2011లో.

ఈ గదితాళములే మఱియొక మేలునకు తోడ్పడెను. రెండు ప్రాసెసర్లు ఎక్కడెక్కడ కలహింపగలవో అక్కడక్కడ తాళము ఉండనే యున్నది గదా. ఒక్క ప్రాసెసరుపై వంతు లాగుకొనుట వలన కలుగు ప్రమాదమును చాలవఱకు ఆ తావులందే. కనుక తాళము చేతనున్నంతసేపు ప్రీఎంప్షను నిషేధించి, తక్కినచోట్ల కెర్నెలు లోపల సైతము దానిని అనుమతింపవచ్చును. 2001లో రాబర్ట్ లవ్ ఈ యూహతో మార్పులు వ్రాయగా, 2002 ఫిబ్రవరిలో అవి ప్రధాన కెర్నెలులో చేరినవి. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 సంచికతో లోకమునకు అందినవి.

నిషేధించు తీరు మన ఇంటి ఆడవారు గింజలతో లెక్క పెట్టినట్లుండును. పని ఘట్టములో ప్రవేశింపగనే ఒక గింజ వేయును, వెలికి వచ్చునపుడు ఒకటి తీయును. ఘట్టములో ఘట్ట మున్నచో రెండవ గింజ. చిప్ప ఖాళీయైనగాని వాని వంతు లాగరాదు. ఈలోగా ఎవరికైన తొందర పడినచో ఒక గుర్తు వేసి యుంతురు. కడపటి గింజ తీయగనే ఆ గుర్తు చూచి వంతు మార్తురు. ఉన్నది లేదను జెండా యొక్కటి సరిపోదా యనకుడు: లోపలి ఘట్టము ముగియగనే జెండా దిగిపోయినచో, వెలుపలి ఘట్టమునకు కాపు లేకపోవును.

తాళము చాలని తావును కలదు. వేగము కొఱకు ఒక్కొక ప్రాసెసరునకు వేఱువేఱు చిట్టాలు పెట్టిరి. ఎవరి చిట్టా వారిదే గాన వానికి తాళము లేదు. కాని మొదటి ప్రాసెసరు చిట్టా తెరచిన పనిని నడుమ లాగి, తరువాత రెండవ ప్రాసెసరుపై కూర్చుండబెట్టినచో, అది ఇచట కూర్చుండి అచటి చిట్టాలో వ్రాయును. అట్టి చోట్ల ప్రోగ్రాము వ్రాయువారు తాళము లేకున్నను గింజ వేయవలసివచ్చెను.

2004 నుండి ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ మొదలగువారు ఇంకను ముందునకు పోయిరి. తాళము చేతనున్నవానిని సైతము అవసరమైన నాపవచ్చును, కాని పాత్‌ఫైండరు నేర్పినట్లు వాకిట నున్నవాని తరగతిని వాని కీయవలెను. గడువు తప్పరాని కర్మాగార యంత్రములవంటివానికి ఇది అక్కఱ. ఇరువది యేండ్లు వేఱుగా పెంచబడిన ఆ పని 2024లో 6.12 సంచికతో ప్రధాన కెర్నెలులో కలిసెను. అయినను కొన్ని తాళములు పూర్వపురీతినే మిగిలినవి. వంతులు పంచు భాగములోని తాళము వానిలో నొకటి. తరువాతి వంతు ఎవరిదో అది తేల్చునంతసేపు, దాని వంతును మాత్రము నేటికిని ఎవరును లాగికొనరాదు.